కొంగు పోయింది, జేబు రాలేదు

పదిహేనేళ్లుగా తెనాలిలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మూడు నాలుగేళ్లుగా ఒక రకం పని ఎక్కువైంది. ట్యాగ్ కూడా తీయని రెడీమేడ్ కుర్తీ తెచ్చి బల్ల మీద పెట్టి, "అక్కా, దీనికి జేబు పెట్టు" అంటారు.

పోయిన వారం ఒక టీచర్ గారు ఐదు తెచ్చారు. ఆవిడ రోజూ బస్సులో బడికి వెళ్తారు. 2025 ఆగస్టు 15న ఆంధ్రలో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు మొదలైనప్పటి నుంచి ఆవిడ ఎక్కే బస్సులో సీటు దొరకడం తగ్గింది. ఒక చేత్తో రాడ్ పట్టుకోవాలి, భుజాన బ్యాగు, ఇంకో చేతిలో క్యారేజీ. కండక్టర్ వచ్చేసరికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్. "జిప్పు తీసి వెతికేలోపు పక్కవాళ్ల మీద పడిపోతున్నానమ్మా. కార్డు, ఫోను నా ఒంటి మీదే ఉండాలి" అన్నారు.

మా అమ్మమ్మ దుగ్గిరాల పసుపు పొలాల్లో కూలికి వెళ్లేది. డబ్బులు రొంటిన దోపుకునేది, తాళంచెవి కొంగు చివర ముడి వేసుకునేది, వక్కాకు సంచి నడుముకి ఉండేది. చేతులు రెండూ పనికి ఖాళీ. చీరకి జేబు లేకపోయినా చోటుంది. మేం చుడీదార్లకి, కుర్తీలకి మారాక ఆ చోటు పోయింది. లెగ్గింగ్‌కి ఎలాస్టిక్ తప్ప ఏముంది? మాకు బట్టలు కుట్టి అమ్మే కంపెనీలు ఈ సంగతి పట్టించుకోలేదన్నదే నా బాధ.

జేబు పెడితే షేపు పోతుందని ఒక షోరూంలో నాకు చెప్పారు. సరిగ్గా పెట్టకపోతే పోతుంది, నిజమే. పల్చటి రేయాన్‌కి ఫోన్ బరువు వేలాడితే పక్క కుట్టు సాగి జారుతుంది. అందుకే జేబు మూతి లోపల నూలు పట్టీ వేస్తాను, సంచికి పాప్లిన్ వాడతాను. సైడ్ ఓపెన్ ఉన్న కుర్తీ అయితే ఇంకో చిక్కు: జేబు నిటారుగా కిందికి దిగితే ఓపెన్‌లోంచి బయటికి కనిపిస్తుంది. నడుము కింద అంగుళం వదిలి మూతి పెట్టి, సంచిని పొట్టవైపు వాల్చి కుట్టాలి. పావు మీటరు పైచిలుకు గుడ్డ, అరగంట పని. అదీ కుట్టిన బట్ట విప్పి చేస్తే! కటింగ్ అప్పుడే అనుకుంటే అందులో సగం కూడా పట్టదు.

కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి, కాదనను. కానీ ట్యాగ్ మీద 'విత్ పాకెట్' అని చూసి నేనే ఒకటి కొన్నాను. లోతు నాలుగు అంగుళాలు. ఇప్పటి ఫోన్లు ఆరు అంగుళాలు దాటాయి. స్కూటీ ఎక్కుతుంటే ఫోన్ జారి పడి స్క్రీన్ పగిలింది. ఇది ఇక్కడి సమస్యే కాదట. 2018లో అమెరికాలో ద పుడ్డింగ్ అనే వెబ్ పత్రిక వాళ్లు 20 బ్రాండ్ల జీన్స్ తెచ్చి కొలిస్తే, ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల వాటికంటే సగటున 48 శాతం పొట్టిగా ఉన్నాయట.

మా వీధిలో కూరగాయలమ్మే పిన్ని లంగాకి జిప్పు జేబు పెట్టించుకుంది. ఎడమవైపే పెట్టమంది, కుడిచేత్తో తక్కెడ పడుతుంది కాబట్టి. గొంతుక్కూర్చుంటే చిల్లర తొడకి గుచ్చుకోకూడదని, జానెడు పైకి జరపమంది. ఏం కావాలో ఆమెకి అంగుళాలతో సహా తెలుసు. నేను అడిగాను, చెప్పింది.

కంపెనీలవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే. శాంపిల్ పీసుని బొమ్మకి తొడిగి చూసి సరిపెట్టకండి, బొమ్మకి ఫోన్ ఉండదు. ఉద్యోగానికి వెళ్లే ఒక అమ్మాయికి ఇచ్చి ఒకరోజు వేసుకోమనండి. బస్సెక్కాలి, స్కూటీ నడపాలి, కింద కూర్చుని లేవాలి. సాయంత్రం ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి వెళ్లిందో, ఏది జారిందో అడగండి.

టీచర్ గారి ఐదింటిలో నాలుగు అయిపోయాయి. ఐదోది నెమలిపింఛం రంగు, ఆవిడకి బాగా ఇష్టమైనది. దాని ఓపెన్ దాదాపు నడుము దాకా ఉంది. మూడంగుళాలు మూసేస్తే జేబుకి చోటొస్తుందేమో, రేపు పొద్దున్నే విప్పి చూడాలి.