పర్లాకిమిడిలో ఒకటిన్నర రోజు

మాది శ్రీకాకుళం, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పిన్ని ఉంది, అయినా ఆ ఊరు సరిగ్గా చూడ్డం ఇన్నాళ్లకి కుదిరింది. ఆమదాలవలసలో నేనూ అమ్మా గుణుపూర్ బండెక్కాం. నౌపడ దగ్గర మెయిన్ లైను వదిలేసి టెక్కలి వైపు తిరిగిన దగ్గర్నుంచి నేను కిటికీ వదల్లేదు. ఈ లైను పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో మొదలైంది, 2004 దాకా రెండున్నర అడుగుల నేరోగేజే. అమ్మ చిన్నప్పుడు ఆ చిన్న బండెక్కే వాళ్ల అమ్మమ్మ గారింటికి వెళ్లేదట, దారి పొడుగునా అదే చెప్తూ కూచుంది. పాతపట్నం మన ఆంధ్రా, దాని తర్వాత స్టేషనే పర్లాకిమిడి, బోర్డు మీద ఒడియా అక్షరాలొచ్చాయి గానీ ప్లాట్‌ఫాం మీద మాటలు మాత్రం మనవే.

పొద్దున్నే పిన్ని వీధి చివర చిన్న టిఫిన్ కొట్టుకి పంపింది. ఇడ్లీ మీద సాంబారు కాదు, బఠాణీల ఘుగ్నీ పోసిచ్చారు, వేడివేడిగా. కొట్టావిడ నాతో "బేగి తినీ బాబూ, సల్లారిపోతాది" అని వెంటనే పక్కాయనతో ఒడియాలో డబ్బుల లెక్క చెప్పేసింది. సాయంత్రం దహీబరా ఆలూదం (పెరుగు గారెలు, బంగాళాదుంప కూర), గుప్‌చుప్ (మన పానీపూరీయే) తిన్నాం, కానీ నన్నడిగితే ముందు ఛెనాపోడ తినండి. విరిగిన పాల ముద్దలో పంచదార కలిపి అంచులు మాడేదాకా కాలుస్తారు, ఆ మాడిన అంచు దగ్గరే రుచంతా.

నేను అసలు వెళ్లింది గిడుగు రామమూర్తి గారి కోసం. 1880లో ఇక్కడ రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరి, కొండల్లోంచి వచ్చే సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి బళ్లు పెట్టి, సవర నిఘంటువు కూడా రాసారు. మనం మాట్లాడే తెలుగులోనే రాయొచ్చని పోట్లాడింది కూడా ఈయనే, నేనిప్పుడిలా రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అటు వెళ్లిపోతే అన్నేళ్లు బతికిన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. బజార్లో ఒక సవర ముసలామె కొండచీపుర్లు, చింతపండు పెట్టుకుని కూచుంటే, పిన్ని ఆవిడతో తెలుగూ ఒడియా కలిపి బేరమాడింది, అది వింటుంటే నాకు గిడుగు గారే గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

రాజావారి కోట బయట్నుంచే చూసాం, జగన్నాథుడి గుడిలో దండం పెట్టుకున్నాం, అంతే. ఎక్కువ సేపు గడిపింది కొమ్ముపని వాళ్ల దగ్గర. గేదె కొమ్ముని వేడి చేసి, మెత్తబడ్డాక వంచి, కోసి, ఆకురాయితో రాసి రాసి నునుపు తెస్తారు, అప్పుడు నల్లగా అద్దంలా మెరుస్తుంది. కొంగలు, రొయ్యలు, దువ్వెన్లు. రొయ్య మీసాలు వెంట్రుకంత సన్నగా ఉన్నాయి, అది కూడా కొమ్మేనంటే అమ్మ నమ్మలేదు, పెద్దాయన చేతికిచ్చి చూపించారు. తన తర్వాత ఈ పని చేసేవాళ్లు ఇంట్లో లేరన్నారు. అందుకే ఒక్కటే చెప్తున్నా, అక్కడికెళ్తే ఆ కొమ్ము దగ్గర బేరమాడకండి, రోజుల పని అది.

నేను కొంగ కొన్నాను, అమ్మ దువ్వెన తీసుకుంది. తిరుగు బండిలో నౌపడ వచ్చేలోపే జడ విప్పి దువ్వేసుకుంది, "మా అమ్మమ్మకీ ఇలాంటిదే ఉండేదిరా" అంటూ.