లించోలీలో ఆగిపోయిన మధ్యాహ్నం

వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమలలో నడిచి శివరాత్రికి శ్రీశైలం పోవడం మా ఇంట్లో నాన్న కాలం నుంచీ ఉంది కాబట్టి, గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు 16 కిలోమీటర్లు అంటే నాకు పెద్ద భయం వేయలేదు. 2023 మే మొదటి వారంలో అక్క, బావ, నేను కర్నూలు ఎండల్లోంచి బయలుదేరాం. ఆ ఏడాది ఏప్రిల్ 25న గుడి తెరిచారు గానీ మంచు పడుతూనే ఉంది, మధ్యలో రిజిస్ట్రేషన్లు కూడా ఆపేశారు.

తప్పు మాదే. టిఫిన్ చేసి తీరిగ్గా తొమ్మిదింటికి నడక మొదలుపెట్టాం. 2013 జూన్ వరదలో కొట్టుకుపోయిన రాంబాడా దగ్గర మందాకిని దాటి, అవతలి గట్టున వేసిన కొత్త దారిలో ఎక్కి లించోలీ చేరేసరికి రెండున్నర. అక్కడ జవాన్లు ఆపేశారు.

"ఏమప్పా, ఇంకో నాలుగైదు కిలోమీటర్లకు ఆపుతారా?" అని అక్కకు ఏడుపొక్కటే తక్కువ.

ఒక జవాను ఓపిగ్గా చెప్పాడు. ముందు భైరవ్, కుబేర్ అనే గ్లేసియర్లు, అంటే కొండల మీద పేరుకుపోయిన మంచు మేటలు ఉన్నాయి, పైనుంచి మంచు జారి సరిగ్గా దారి మీదికే వస్తుంది. రాత్రి చలికి గడ్డకట్టిన మంచు మధ్యాహ్నం ఎండకు కరిగి, ఆ నీళ్లు లోపలికి ఇంకుతాయి, కింది పొరకు పట్టు పోతుంది. కొత్తగా మంచు పడి వెంటనే ఎండ కాస్తే ఇంకా ప్రమాదం. వానకు నాని నాని ఉన్నట్టుండి కూలిపోయే మా మట్టి మిద్దెలు గుర్తొచ్చాయి నాకు. నిట్టనిలువు కొండ మీద మంచు నిలవదు, చదునుగా ఉంటే జారదు, 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఎక్కువగా విరిగిపడుతుందట.

గంట తర్వాత ఎదుటి కొండ మీద ఉరుములాంటి చప్పుడు. తెల్లగా పొగలా లేచి కిందికి జారింది. అటువైపు మనుషులెవరూ లేరు. అక్క మళ్లీ పోదామని అనలేదు.

టెంట్‌లో పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కదిలాం. మంచు రాయిలా గట్టిగా ఉంది, కాలు జారుతోంది, కానీ ఆ గట్టిదనమే మనకు రక్ష. దారికి రెండు పక్కలా బావకన్నా ఎత్తు మంచుగోడలు. ఫోటోలకు ఆగొద్దు, గుంపుగా వద్దు, ఎడం పాటిస్తూ దాటేయండి అని జవాన్లు అరుస్తూనే ఉన్నారు. పక్కన ముందెప్పుడో జారిపడిన మంచు కుప్పను కర్రతో పొడిచాను, దిగలేదు. తడిమంచు జారేటప్పుడు నీళ్లలా వచ్చి, ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది. అందులో కూరుకుపోయినవాళ్లు చెయ్యి కూడా కదపలేరు, పావుగంట దాటితే బతికే ఆశ వేగంగా తగ్గిపోతుంది. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో 54 మంది రోడ్డు కార్మికుల మీద మంచు విరిగిపడి ఎనిమిది మంది చనిపోయారని చదివినప్పుడు నాకు ఆ కుప్పే కళ్ల ముందు కనిపించింది.

ఏడున్నరకల్లా దర్శనమైంది. మల్లన్నను చూసిన కళ్లతో కేదారేశ్వరుణ్ని చూసి అక్క చాలాసేపు ఏడ్చింది. బావ ఇంకోసారి లైన్లో నిలబడదామన్నాడు. అక్క అప్పటికే బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఎండ ముదరకముందే ఆ రెండు గ్లేసియర్లూ దాటాల, నడువు" అంది.