నేమ్ ప్లేట్ మీది సంవత్సరం చూసి ఏం తేలుతుంది?

సబ్‌స్టేషన్ చూడ్డానికి వచ్చిన పెద్దసార్లు ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబడి మొదట అడిగేది "ఇది ఏ సంవత్సరంది?" అని. 1996 అంటే "అబ్బో, అయితే అయిపోయినట్టే" అంటారు. 2015 అంటే ఇంక దాని జోలికే పోరు. అనంతపురం జిల్లాలో టెస్టింగ్ కిట్టు మోసుకుని తిరిగేవాడిగా నాకు ఈ లెక్క అస్సలు నచ్చదు.

నూనె చెడితే ఫిల్టర్ చేయొచ్చు, బుషింగ్ పగిలితే ఇంకోటి బిగించొచ్చు, గాస్కెట్ కారితే కొత్తది వేయొచ్చు. కాయిల్‌లో తీగ మీద చుట్టిన కాగితాన్ని మాత్రం ఏమీ చేయలేం, మార్చాలంటే కాయిల్ మొత్తం విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. ఆ కాగితం సెల్యులోజ్ గొలుసులు. కొత్తలో ఒక్కో గొలుసుకు సగటున 1000 నుంచి 1200 గ్లూకోజ్ లింకులు ఉంటాయి, దాన్నే మేం డీపీ అంటాం. వేడికి, తేమకి, నూనెలో పుట్టే ఆమ్లానికి అవి తెగుతూ తెగుతూ 200 దగ్గరకు వచ్చేసరికి కాగితం పాత పంచాంగంలా ముట్టుకుంటే రాలిపోతుంది. వింత ఏంటంటే అప్పుడు కూడా మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే రీడింగ్ బాగానే రావచ్చు, ఎందుకంటే పోయింది దాని బలమే కానీ ఇన్సులేషన్ కాదు. మే నెల గాలివానకు తీగలు తగులుకుని షార్ట్ అయినప్పుడు కాయిల్ ఒక్కసారిగా అదురుతుంది, ఆ అదురుకి కాగితం చిట్లుతుంది, అంతే. "మొన్ననే మెగ్గర్ వేశాం సార్, బాగుంది" అని లైన్‌మన్ చెప్పేది అబద్ధమేం కాదు.

ఇక వేడి. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) లెక్కలో మామూలు కాగితానికి, కాయిల్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోట 98 డిగ్రీలుంటే మామూలు వేగంతో ముసలిదవుతుంది. అక్కడి నుంచి ప్రతి 6 డిగ్రీలకు ఆ వేగం రెట్టింపు, అంటే 110 డిగ్రీల దగ్గర ఒక గంట నడిపితే నాలుగు గంటల ఆయుష్షు తిన్నట్టు. ఇప్పుడు మా బోర్ల దగ్గరికి రండి. ఎండాకాలం నీళ్ళు కిందికి పోతాయి, రైతు బోరు ఇంకా లోతుకు వేయిస్తాడు, 5 హెచ్‌పీ మోటారు తీసి 7.5 దించుతాడు, ఆ సంగతి ఆఫీసులో చెప్పడు (నేనైనా చెప్పను, పంట ఎండుతుంటే ఎవరు చెప్తారు). 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు సరిగ్గా సరిపోతాయి, ఆ నాలుగూ 7.5 అయితే లోడు 30 కేవీఏ దాటిపోతుంది. పైగా అందరికీ ఆటో స్టార్టర్లే, త్రీఫేజు రాగానే అన్నీ కలిసి ఒకేసారి లేస్తాయి. అలాంటి చోట ఐదారేళ్ళు నడిచినదాని కంటే టౌన్లో సగం లోడు మీద పాతికేళ్ళుగా ఉన్నదే నయం. రిపేరు షెడ్డులో రీవైండ్ అయి (కాయిల్ మళ్ళీ చుట్టించుకుని) వచ్చినవాటి సంగతి ఇంకా తమాషా: కాయిల్ కొత్తది, ప్లేటు పాతది.

పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లను విప్పి కాగితం చూడలేం కాబట్టి నూనెనే అడుగుతాం. అందులో కరిగిన గ్యాసుల్లో ఎసిటిలీన్ కనిపిస్తే లోపల ఎక్కడో ఆర్కింగ్ (నిప్పురవ్వలు ఎగరడం) అవుతున్నట్టు అనుమానించాలి, ఎథిలీన్ పెరిగితే నూనె బాగా వేడెక్కుతోంది. కార్బన్ డయాక్సైడు, మోనాక్సైడుల నిష్పత్తి 3 కంటే తగ్గితే గొడవ కాగితం దాకా పోయిందేమో చూసుకోవాలి. కాగితం చెడేటప్పుడు పుట్టే ఫ్యూరాన్లు కూడా నూనెలోకి చేరతాయి, వాటిని బట్టి డీపీ సుమారుగా అంచనా వేస్తాం.

కానీ ఇక్కడే ఒక పెద్ద తిరకాసుంది. బీడీవీ (నూనె ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటుందో చెప్పే అంకె) తక్కువొచ్చిందని నూనె ఫిల్టర్ చేస్తారు, వ్యాక్యూమ్‌కి గ్యాసులన్నీ పోతాయి. నూనె పూర్తిగా మారిస్తే ఫ్యూరాన్లు కూడా దాదాపు పోయినట్టే. తర్వాత వారానికి శాంపిల్ పంపితే రిపోర్టు అద్దంలా వస్తుంది, అందరూ ఖుషీ, లోపల కాగితం మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఒకచోట ఇన్‌స్పెక్షన్ ఉందని ముందే ఫిల్టర్ చేసి, ఆ మాట రిజిస్టర్లో రాయకుండా నాకు శాంపిల్ ఇచ్చారు. పాత రిపోర్టులు పక్కన పెట్టుకుని చూస్తే తప్ప అనుమానం రాదు. అందుకే ఒక్క రిపోర్టు చూసి నేనేమీ రాయను, వరుసగా మూడు నాలుగు రిపోర్టులు ఎటు పోతున్నాయో చూస్తాను.

పొలాల్లో ఉన్న చిన్నవాటికి ఈ టెస్టులన్నీ దండగ. టెస్టు ఖర్చులు కూడుకుంటూ పోతే ఒక రీవైండింగ్ అయిపోతుంది. మోటార్లన్నీ నడిచే టైంలో టాంగ్ టెస్టర్ పెట్టి మూడు ఫేజుల కరెంటు చూడండి, తేమ పీల్చే సిలికా జెల్ నీలం పోయి గులాబీ అయిందా, నూనె మట్టం ఎంత, షెడ్డుకు ఎన్నిసార్లు పోయొచ్చింది, ఇవి చాలు.

ఫార్మాట్‌లో "మిగిలిన ఆయుష్షు, సంవత్సరాల్లో" అని ఒక గడి ఉంటుంది. నేను దాంట్లో అంకె వేయను. వేసవి లోపు మార్చాల్సినవి, ఏడాదికోసారి చూడాల్సినవి, వదిలేయొచ్చు అనదగినవి అని మూడు వరుసలుగా రాసిస్తాను, పైవాళ్ళు విసుక్కుంటారు, అయినా అంతే. ఇంకొక్క మాట, శాంపిల్ పట్టేవాళ్ళకి: సీసా మీద తేదీ, లోడు, నూనె వేడితో పాటు చివరిసారి ఫిల్టర్ ఎప్పుడు చేశారో కూడా రాయండి సామీ.