పాత స్కూటర్‌కి లిథియం ప్యాక్: ఛార్జర్, బీఎంఎస్ దాకా వచ్చిన పని

లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసిన ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ బిగించడం అయిపోయింది. 30 ఏహెచ్ (ఆంపియర్ అవర్) సెల్స్ 16, అన్నీ సిరీస్‌లో. ఇప్పుడు వీటికి సరిపోయే ఛార్జర్, బీఎంఎస్ (ఒక్కో సెల్‌నీ గమనిస్తూ, ప్రమాదం వస్తే కరెంట్ కట్ చేసే బోర్డు) చూసుకోవాలి.

విజయవాడలో "48 వోల్ట్ లిథియం ఛార్జర్" అని అడిగితే రకరకాలవి తెచ్చి ముందు పెడతారు. ఆ 48ని బట్టి ఏదీ కొనకూడదు. ఛార్జింగ్ ఎంత దగ్గర ఆగుతుందన్నదే ముఖ్యం. 13 ఎన్‌ఎంసీ (మరో రకం లిథియం) సెల్స్ ప్యాక్‌కి 54.6 వోల్టులు, అవే 14 సెల్స్‌కి 58.8, నా 16 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కి 58.4. ఈ 58.8కీ 58.4కీ తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, నా ప్యాక్‌కి 58.8 పెడితే ఒక్కో సెల్‌కి 3.675 పడుతుంది, పరిమితి 3.65. అందుకే మల్టీమీటర్ పట్టుకెళ్లి, కొలిచాకే 10 ఆంపియర్ల ఛార్జర్ తీసుకున్నాను. ఖాళీ ప్యాక్ నిండడానికి మూడు గంటల పైమాట.

"బీఎంఎస్ ఉందిగా, అదే కట్ చేస్తుంది" అని చాలామంది పాత ఛార్జర్‌నే వాడేస్తారు. నాకది అస్సలు నచ్చదు. బీఎంఎస్ ఉన్నది ప్రమాదాన్ని ఆపడానికి, రోజూ ఛార్జింగ్ ఆపడానికి కాదు. దానిలో కరెంట్ కట్ చేసే స్విచ్, అంటే మాస్‌ఫెట్, షార్ట్ అయితే ఇక అడ్డుకునేది ఏదీ ఉండదు.

మోటార్‌ని నడిపే కంట్రోలర్ గరిష్ఠంగా 25 ఆంపియర్లు లాగుతుంది. మన ఎండలకి బీఎంఎస్ వేడెక్కకుండా 50 ఆంపియర్లది, బ్లూటూత్ ఉన్నది వేశాను. ఒక్కో సెల్ నుంచి వచ్చే బ్యాలెన్స్ వైర్లను బీఎంఎస్‌లో గుచ్చే ముందు కనెక్టర్‌లో ఒక్కో పిన్నూ కొలవాలి, వరసగా దాదాపు 3.3 వోల్టుల చొప్పున పెరుగుతూ పోవాలి. ఒక్క వైరు తారుమారైనా బోర్డు పోతుంది. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ ఆగేలా పెట్టాను. ఎండలోంచి తెచ్చిన బండిని వెంటనే ప్లగ్‌కి పెట్టకపోవడమే మంచిది.

మొదటి ఛార్జింగ్‌లో ఏడో సెల్ 3.6 దాటేసరికి మిగతావి 3.42 దగ్గరే ఉన్నాయి. సెల్స్‌ని సమానం చేసే ఈ బీఎంఎస్ బ్యాలెన్సింగ్ కరెంట్ 100 మిల్లీ ఆంపియర్లే. ఒక ఏహెచ్ తేడా తగ్గించాలన్నా పది గంటలు కావాలి. 3.2, 3.3 మధ్య ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ దాదాపు కదలదు కాబట్టి అక్కడ బ్యాలెన్స్ చేసినా లాభం లేదు, 3.4 పైనే మొదలయ్యేలా సెట్ చేశాను. ప్రస్తుతం బెంచ్ పవర్ సప్లైని (వోల్టేజ్, కరెంట్ మనమే సెట్ చేసుకునేది) 56 వోల్టులు, 2 ఆంపియర్లకి కుదించి, నేను పక్కన ఉన్నంతసేపూ నడుపుతున్నాను. తేడా 180 మిల్లీ వోల్టుల నుంచి 60కి దిగింది.

ఇది 20 లోపుకి వచ్చాక కంట్రోలర్ కలిపి, ఇద్దరం ఎక్కి దుర్గగుడి ఫ్లైఓవర్ మీద కరెంట్ ఎంత లాగుతుందో, బీఎంఎస్ ఎంత వేడెక్కుతుందో చూడాలి.