విమానంలో ఆగిన నా గుండె

అమెరికాలో తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి వెళ్తున్న విమానంలో నా గుండె ఆగిపోయింది. ఆ రోజు ఉదయం నుంచి జరిగినదేదీ నాకు గుర్తు లేదు కనుక, పక్క సీటులో ఉన్న నా భార్య చూసి చెప్పినదే రాస్తున్నాను. మాట మధ్యలోనే తల వాల్చేసి, గురకలాంటి చప్పుడుతో రెండు మూడుసార్లు ఎగశ్వాస తీసి, ఆమె ఎంత పిలిచినా పలకలేదట. సిబ్బంది నన్ను సీట్ల మధ్య దారిలో పడుకోబెట్టారు. ప్రయాణికుల్లో ఉన్న ఒక నర్సు ఛాతీ నొక్కుతుండగా, మరొకరు గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాన్ని తెచ్చి, చొక్కా కత్తిరించి ప్యాడ్లు అంటించారు. గుండె లయను ఆ యంత్రమే పరిశీలించి, షాక్ ఇవ్వాలనీ, ఎవరూ నన్ను తాకవద్దనీ చెప్పింది. ఒక్క షాక్‌తో నాడి తిరిగి అందింది.

నాకు వచ్చినది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, అంటే గుండె కింది గదులు రక్తాన్ని తోయకుండా ఊరికే అదరడం. సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ రక్తాన్ని ఆడించడం) కూడా అందకపోతే, షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అంత ఎత్తు నుంచి దగ్గరి విమానాశ్రయంలో దిగడానికే ఇరవై నిమిషాలు దాటవచ్చు. కింద అంబులెన్సు ఎంత సిద్ధంగా ఉన్నా నాకు ఉపయోగపడేది కాదు.

ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ 1991లోనూ, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1997లోనూ ఈ యంత్రాలను తమంతట తామే విమానాల్లో పెట్టాయి. కానీ ఒక మనిషి ప్రాణం అతడు ఏ కంపెనీ టికెట్ కొన్నాడన్న దాని మీద ఆధారపడకూడదు. అమెరికా 1998లో చేసిన చట్టాన్ని అనుసరించి ఆ దేశ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2001లో నియమం తెచ్చింది. సహాయక సిబ్బంది ఉండి, 7,500 పౌండ్లకు మించిన బరువు మోయగల ప్రయాణికుల విమానాలన్నింటిలో 2004 ఏప్రిల్ నాటికి ఏఈడీ ఉండాలని ఆదేశించింది. సద్భావంతో సాయపడిన ప్రయాణికుడిని తీవ్ర నిర్లక్ష్యం ఉంటే తప్ప బాధ్యుణ్ణి చేయకూడదన్న రక్షణ కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ నర్సు వెనుకాడకుండా లేచి వచ్చింది. అలా వచ్చేవారికి భయం లేకుండా చేయడం యంత్రం పెట్టినంత ముఖ్యమని నా నమ్మకం.

కోలుకోవడం నెమ్మదిగా సాగింది. ఛాతీ నొక్కినప్పుడు విరిగిన పక్కటెముకల వల్ల దగ్గితే ప్రాణం పోయినట్లుండేది; అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడిగేవాణ్ణి. రక్తనాళాల్లో కొత్త అడ్డంకి ఏదీ లేదనీ, గుండె కండరంలో ఎప్పటిదో మచ్చ ఉండటం వల్ల లయ మళ్లీ తప్పవచ్చనీ చెప్పి, డాక్టర్లు ఎడమ జత్రువు (కాలర్ బోన్) కింద ఐసీడీ, అంటే లయ తప్పితే తనంతట తానే షాక్ ఇచ్చే చిన్న పరికరం, అమర్చారు. కొన్ని వారాలపాటు ఎడమ చెయ్యి భుజం కన్నా పైకి ఎత్తవద్దన్నారు. ఇప్పుడు నా షాక్ యంత్రం నాలోనే ఉంది. అయినా విమానం ఎక్కగానే ఏఈడీ ఎక్కడుందో సిబ్బందిని అడిగి తెలుసుకుంటాను, పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు కదా.