బాకీ పుస్తకం

మా బీరువాలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచిన పుస్తకం అచ్చయింది కాదు. నీలం అట్ట వేసిన రూళ్ళ నోటుబుక్కు. లోపల నిలువుగా నాలుగు గడులు గీసుకున్నాను: తేదీ, పుస్తకం, ఎవరికి, తిరిగొచ్చిన తేదీ. లెక్కలు రాసే ఉద్యోగం నాది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్నదే పని. ఆ రోగం ఇంటికీ అంటుకుంది. మా అబ్బాయి దీన్ని ‘అమ్మ బాకీ పుస్తకం’ అంటాడు.

2009లో మొదలుపెట్టాను. అంతకుముందు నోటిమాట మీదే ఇచ్చేదాన్ని. ఒకసారి ఒక స్నేహితురాలిని “నా పుస్తకం ఇంకా ఇవ్వలేదేమే” అంటే, “ఎప్పుడో ఇచ్చేశాను కదే” అంది. తనూ ఒట్టేసింది, నేనూ ఒట్టేశాను. నెల్లాళ్ళు మా మధ్య మాటల్లేవు. ఆ తర్వాత ఒకరోజు ఇల్లు దులుపుతుంటే అటకమీద పాత పత్రికల కట్టలోంచి జారిపడింది ఆ పుస్తకం. ఫోన్ చేసి తిట్టించుకున్నాను. అదే పుస్తకం మళ్ళీ తనకే ఇచ్చి, మొదటి పద్దు తన పేరు మీద రాశాను.

ఇప్పటికి 147 పద్దులయ్యాయి. అందులో 31 తిరిగి రాలేదు. ఆఫీసులో అయితే ఇలాంటివాటిని రాని బాకీలని ఏడాది చివర కొట్టేస్తాం. ఇక్కడ ఒక్కటీ కొట్టెయ్యలేదు. పుస్తకం, వనిత, విత్తం పరాయి చేతికి వెళ్తే ఇక పోయినట్టేననీ, ఒకవేళ వచ్చినా పుస్తకం చిరిగే వస్తుందనీ ఓ పాత శ్లోకం ఉంది కదా. ఆడదాన్ని డబ్బుతోనూ పుస్తకంతోనూ కలిపి ఒకే బీరువాలో పెట్టి తాళం వేసిన ఆ మహానుభావుడికో దణ్ణం. పుస్తకం సంగతి వరకూ ఆయన చెప్పింది సగం నిజమే. చిరిగి వచ్చిన పుస్తకాలంటే నాకిప్పుడు బెంగ లేదు. కొత్తగా, ఇచ్చినదిచ్చినట్టే వచ్చినవాటిని చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది.

పేజీ మూల మడిచేవాళ్ళంటే ఒకప్పుడు ఒళ్ళుమండేది నాకు. ఇప్పుడు పుస్తకం చేతికి రాగానే ముందు ఆ మడతలే వెతుకుతాను. రాత్రి ఎక్కడ నిద్రొచ్చిందో, ఎక్కడ ఎవరో పిలిచారో, ఎక్కడ ఆపలేక ఏకబిగిన అరవై పేజీలు పోయారో వాటిని చూస్తే తెలిసిపోతుంది. పేజీల మధ్య సరుకులూ దొరుకుతాయి. బస్సు టిక్కెట్టు, ఎండిన రావి ఆకు, మాత్రలు అయిపోయిన అట్ట, ఒకసారైతే ఎవరికో రాయబోయి మూడు వాక్యాల దగ్గర ఆపేసిన ఉత్తరం. అది చదవలేదు. సరే, చదివాను. తిరిగి ఇవ్వలేదు, అడగనూ లేదు. ఆ పుస్తకంలోనే ఉంది.

పదకొండేళ్ళ తర్వాత ఒక పుస్తకం ఇంటికొచ్చింది. దాని వీపు వెలిసిపోయి పేరు కనిపించడం లేదు, పేజీల అంచులు గోధుమరంగు, తెరిస్తే మధ్యలో మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. చవక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ ఉంటుంది. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ అది పసుపెక్కుతుంది. అంటే పదకొండేళ్ళూ అది కిటికీ పక్కన నిలబడి ఉందన్నమాట, ఎవరూ తెరవకుండా. తెచ్చినావిడ “ఎంత బావుందో” అంది. నేనూ తలూపాను.

నాకిష్టమైన పుస్తకం నాకిష్టమైన మనిషికి ఇస్తే రెండిష్టాలూ కలిసిపోతాయనుకోవడం నేను పదేపదే చేసిన తప్పు. మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడకి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఇచ్చాను. నా ఇరవయ్యేళ్ళ వయసులో నన్ను వారంరోజులు మాట్లాడనివ్వని నవల అది. మూడో రోజు పొద్దున తెచ్చి నా బల్లమీద పెట్టి, “దయానిధి డాక్టరే కదండీ, ఇంతలా కూచుని ఆలోచించుకోడానికి తీరికెక్కడిదీ ఆయనకి?” అంది. రెండ్రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. మూడో రోజు నామా రాస్తూ రాస్తూ ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. నిజమే కదా!

అప్పుడు మనిషిని చూశాను. ఆవిడ కొడుకు పైచదువుకి విదేశం వెళ్తున్నాడు. ఆవిడ మధ్యాహ్నం విరామంలో కూడా పెట్టెలో ఏం సర్దాలో జాబితాలు రాసుకుంటోంది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం ఇచ్చాను. 1924 నాటిది. ఊరొదిలి ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు దారిలో దొరసానుల టోపీ అని తెలియకుండా ఒక టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకుని తిరిగే పుస్తకం. ఆవిడ రాత్రిపూట కొడుకు పెట్టె సర్దుతుంటే పక్కన కూచుని పైకి చదివి వినిపించిందట. విమానమెక్కే రోజు ఆ కుర్రాడు దాన్ని తన సంచిలో వేసుకుపోయాడు. 31లో అదొకటి. నా కోసం ఇంకో కాపీ కొనుక్కున్నాను.

గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాశారు. అందులో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుందని, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడని. పైకి రెండూ ఒకటేననిపిస్తాయి. కానీ మా లెక్కల భాషలో చెప్పాలంటే ఒకే పద్దుని రెండు ఖాతాల్లోనూ రాసినట్టు. ఒకవైపే రాస్తే లెక్క తేలదు. ఆయన గ్రంథాలయానికి రాకముందు గణితం చెప్పేవారని తెలిశాక ఆశ్చర్యపోలేదు నేను.

నోటుబుక్కులో అయిదో గడి ఎలా వచ్చిందో చెప్పాలి. అది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ వల్ల వచ్చింది. 

ఆ నవల నేను మొదటిసారి పంతొమ్మిదేళ్ళప్పుడు చదివాను. కళ్యాణి నచ్చింది. ఇందిర నచ్చలేదు. అంత నోరేంటి, అంత లెక్కేంటి మనుషుల్తో, అనుకున్నాను. ముప్ఫై నాలుగో ఏట మళ్ళీ చదివాను. అప్పటికి ఉద్యోగంలో చేరి చాలాకాలమైంది. ఈసారి వద్దన్నా నా కన్ను ఆ ఇంటి జమాఖర్చుల మీదకి పోయింది. ఆ ఇంట్లో జీతం ఎవరు తెస్తున్నారు? తండ్రిని ఎవరు పోషిస్తున్నారు? ఇందిర. అంతమందిలో తన బతుకు గురించి ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోలేక తల్లడిల్లేది ఎవరు? మెడిసిన్ చదువుతున్న ప్రకాశం. మొదటిసారి చదివినప్పుడు అతని మీద ఎంత జాలిపడ్డానో గుర్తొచ్చి సిగ్గేసింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మధ్యలో పదిహేనేళ్ళు నేను జీతం తెచ్చుకున్నానంతే.

1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన నవల. వృత్తిరీత్యా వైద్యురాలైన శ్రీదేవి రాసిన ఒకే ఒక నవల కూడా. 1961లో, ముప్ఫై రెండేళ్ళైనా నిండకుండానే ఆవిడ పోయారు. నా వయసిప్పుడు యాభై రెండు. ఈ లెక్క వేసినప్పుడల్లా కాసేపు పెన్ను కింద పెట్టేస్తాను.

ఆ పుస్తకాన్ని మొదట ఆరుగురికి ఇచ్చాను. తిరిగిచ్చేటప్పుడు ఒక్కరూ “బావుంది” అని ఊరుకోలేదు. ఒక్కరు తప్ప అందరూ ఇందిర మీద తీర్పు చెప్పాకే గుమ్మం దిగారు. అవి పోగొట్టుకోవడం ఇష్టంలేక, మార్జిన్ పక్కన ఇంకో గీత గీసి ‘ఏమన్నారు’ అని రాశాను. వరసగా ఇలా ఉన్నాయి. “ఒట్టి స్వార్థం.” “పాపం.” “మా చెల్లెలు అచ్చం ఇలాగే, అందుకే మాట్లాడుకోం.” “ఇందిర సంగతి సరే, ఆ ప్రకాశాన్ని ముందు చితక్కొట్టాలి.” అయిదోది మా అక్క కూతురిది. “ఇందులో తప్పేముంది పిన్నీ?” ఆరో మనిషి పుస్తకం ఇచ్చేసి ఏమీ అనకుండా వెళ్ళిపోయి, నాలుగు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఏమందో రాయలేదు. గడి సరిపోలేదు.

అయిదో గడి వచ్చాక నోటుబుక్కు నడక మారింది. ఎవరికేది ఇవ్వాలో పాత తీర్పులు చూసి ఎంచుతున్నాను. ప్రకాశాన్ని చితక్కొట్టాలన్నావిడకి ఇప్పుడు ఏది ఇచ్చినా ధైర్యంగా ఇస్తాను.

“నీకు తీరికెలా దొరుకుతుంది” అని అడుగుతారు. దొరకదు. రోజుకి పది నిమిషాలు దొంగిలిస్తాను, అంతే. పది నిమిషాల్లో నేను ఎనిమిది పేజీలు చదువుతాను. ఏడాదికి 2,920 పేజీలు. నూట అరవై పేజీల పుస్తకాలు పద్దెనిమిది. కూడిక తప్పని మనిషిని, నమ్మండి. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ చాలాకాలం నా చేతిసంచిలోనే ఉంది. వంద కథలు, ఒక్కోటి కొద్ది పేజీలే. క్యూలో మన వంతు వచ్చేలోపు ఒకటి అయిపోతుంది. ఒక్కోసారి వంతు వచ్చినా వెనకాలాయన్ని ముందుకి పొమ్మన్నాను. ఫోన్‌లో కూడా చదువుతాను, ఆ పట్టింపులేం లేవు. ఫోన్‌లో చదివిందాన్ని ఇంకొకరి చేతిలో పెట్టలేను, అదొక్కటే లోటు.

కిందటేడు అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు తీయించాం, కొన్ని వారాల తేడాతో. కొత్త కళ్ళద్దాలు వచ్చేదాకా చదవడానికి లేదు. “ఏదైనా చదివి పెట్టవే” అంది. 

చిన్నప్పుడు ఇదే అమ్మ వంటింట్లోంచి “గట్టిగా చదువు, వినపడట్లేదు” అని అరిచేది. నోరు మెదలకపోతే చదవనట్టే లెక్క ఆవిడకి. నేను పాఠ్యపుస్తకంలో నవల దాచుకుని, గొంతుతో ఒకటీ కళ్ళతో ఇంకోటీ చదవడం నేర్చుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, నాలుగో శతాబ్దంలో అంబ్రోస్ అనే మతాచార్యుడు పెదవి కదపకుండా కళ్ళతోనే చదువుతుంటే చూసి, ఆ వింతని అగస్టీన్ అనే మరో మతాచార్యుడు పనిగట్టుకుని రాసిపెట్టాడట. అమ్మకి మంచి తోడు.

అమ్మకి ‘కాలాతీత వ్యక్తులు’ మొదలుపెట్టాను. పైకి చదవడం వేరే విద్య. కళ్ళతో చదివేటప్పుడు వర్ణన వస్తే జారిపోతాను, సంభాషణ మీదకి దూకుతాను. పైకి చదివేటప్పుడు దూకడానికి లేదు, ప్రతి మాటకీ ఊపిరి ఖర్చుపెట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా నాకు తెలుసనుకున్న పేజీల్లో నేను ఎన్నడూ చదవని వాక్యాలు కనిపించాయి. అమ్మ కళ్ళు మూసుకుని వినేది. నిద్రపోయిందేమోనని ఆపితే, “ఊఁ, తర్వాత?” అనేది. ఇందిర వచ్చినప్పుడల్లా నేను ఓరగా ఆవిడ మొహం చూసేదాన్ని. ఒక్క ముక్క పైకి రానిచ్చేది కాదు. ఉండబట్టలేక అడిగేశాను.

“ఇందిర ఎలాంటిదంటావమ్మా?”

“అయిపోనీ, చెప్తాను.”

ఇంకా నలభై పేజీలుండగా కళ్ళద్దాలు వచ్చాయి. ఆ సాయంత్రం నేను పుస్తకం తీసుకుని మంచం పక్కన కూచోగానే, అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. అద్దాలు సవరించుకుంది. దీపం కాస్త దగ్గరికి జరపమంది. నేను నోటుబుక్కు తెచ్చి 147 అని వేసి, తేదీ, పుస్తకం, అమ్మ అని రాసి, మిగతా రెండు గడులు వదిలేసి ఎదురుగా కూచున్నాను. పెదవి కదలడం లేదు. మధ్యలో ఒకసారి నవ్వింది. ఒకసారి నుదురు చిట్లించి వెనక పేజీకి పోయి వచ్చింది.

“గట్టిగా చదవమ్మా, వినపడట్లేదు” అన్నాను.

తలెత్తకుండానే, ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.