మార్గరెట్ ఉత్తరాలు

ఈమధ్య పాస్టన్ కుటుంబం ఉత్తరాలు చదువుతున్నాను. ఇంగ్లాండ్‌లోని నార్ఫోక్‌లో 15వ శతాబ్దంలో రాసుకున్నవి. మార్గరెట్ పాస్టన్ భర్తకు పంపినవైతే వదలబుద్ధి కావట్లేదు. ఆమె చెబుతుంటే వేరేవాళ్లు రాసిపెట్టేవారు. అందుకే రాసే చేయి మారితే స్పెల్లింగూ మారిపోతుంది. ఇంగ్లిష్ మాట ‘షల్’ (shall)ను నార్ఫోక్‌వాళ్లు చాలాచోట్ల ఎక్స్ అక్షరంతో మొదలుపెట్టారు! తప్పు కాదది, ఆ ప్రాంతపు అలవాటు.

1476లో విలియం కాక్స్‌టన్ లండన్ దగ్గరి వెస్ట్‌మినిస్టర్‌లో, ఇంగ్లాండ్‌లోనే మొదటి అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లు దాటినా స్పెల్లింగ్ పూర్తిగా కుదురుకోలేదు. 1755లో డిక్షనరీ తెచ్చిన శామ్యూల్ జాన్సన్ కూడా, భాషను మారకుండా ఆపడం కుదరదని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు.

‘స్వచ్ఛమైన ఇంగ్లిష్’ అని ఎవరైనా వాదిస్తే, ముందు మార్గరెట్ ఉత్తరం ఒకటి చదవమంటాను.